రబ్బరు చెట్టు కత్తి నుండి రౌటరు దాకా: మన పనిముట్ల కథ

మన పూర్వీకుల చరిత్ర చెప్పుకొనేటప్పుడు ఓడలు, కంగాణీలు, కూలి లైన్లు, దొర బంగళా తప్పక వస్తాయి. వారి చేతుల్లో ఉండిన పనిముట్లు మాత్రం రావు. ఆ లోటు కొంతైనా తీర్చాలని ఈ వ్యాసం తలపెట్టాము. దీనికి మరొక కారణం కూడా ఉంది. మన తాతలు పాలు తీసిన చెట్టు కలపనే నేడు మలేషియాలోని కుర్చీల, బల్లల కార్ఖానాలలో కోస్తున్నారు. ఆ పనిలో మన బిడ్డలూ ఉన్నారు. అక్కడ తిరిగే యంత్రం పేరు రౌటరు.

1877లో లండను దగ్గరి క్యూ తోట నుండి సింగపూరు వృక్షోద్యానానికి 22 రబ్బరు మొక్కలు చేరాయి. 1888 నుండి ఆ ఉద్యానానికి అధిపతిగా ఉన్న హెన్రీ రిడ్లీ, చెట్టుకు హాని లేకుండా పాలు తీసే పద్ధతిని తీర్చిదిద్దాడు. బ్రెజిల్ అడవుల్లో గొడ్డలితో గాట్లు పెట్టేవారు. రిడ్లీ పద్ధతిలో బెరడు మీద ఏటవాలుగా ఒక గీత గీసి, ఆ గీత కింది అంచు నుండి ప్రతిసారీ పలచని పొర మాత్రం తీస్తారు. కత్తి బెరడు దాటి లోపలి పొరను తాకితే అక్కడ చెట్టు బుడిపెలు కడుతుంది. మళ్లీ వచ్చే బెరడు గీతకు పనికిరాదు. పిసౌ తోరే పట్టిన చేతికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. మొద్దుబారిన కత్తిని నొక్కి లాగాలి, నొక్కితే లోతు చేతిలో ఉండదు. అందుకే తెల్లవారక ముందు లాంతరు వెలుగులో మొదటి చెట్టు దగ్గరకు పోయే కత్తి రాతి మీద పదునెక్కి ఉండాలి.

మలయాకు ఒప్పంద కూలీల రాక 1910లో ఆగింది. కంగాణీల ద్వారా వచ్చినవారి రాక 1938 దాకా సాగింది. విశాఖ, గోదావరి జిల్లాల నుండి వచ్చిన మనవారిలో చాలామంది బాగన్ దాతో ప్రాంతపు కొబ్బరి తోటలకు, మిగిలినవారు రబ్బరు తోటలకు పోయారు.

రబ్బరు చెట్టుకు ఆయువు లెక్క ఉంది. ఐదారేళ్లకు పాలకు వస్తుంది. ఇరవై ఐదు, ముప్పై ఏళ్లకు దిగుబడి తగ్గి ఖర్చుకు చాలదు. అప్పుడు కొట్టివేసి కొత్తది నాటాలి. దీనికోసమే 1952లో ప్రభుత్వం తిరిగి నాటే నిధిని ఏర్పరచింది. చెట్టును ఎప్పుడు మార్చాలో దొరలకు పైసాతో సహా తెలుసునన్నమాట. కొట్టిన చెట్టు చాలాకాలం వంటచెరకు మాత్రమే. రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగ ఇళ్లలో కాలింది, ప్రాయ్‌లోని మలయావాటా ఉక్కు కర్మాగారానికి బొగ్గయింది. కలపగా వాడకపోవడానికి కారణం అందులోని పిండిపదార్థం. కోసిన కొద్ది రోజులకే నీలి మరక, పురుగు పట్టేవి. వెంటనే బోరాన్ మందు ఎక్కించి కొలిమి గదిలో ఆరబెట్టే పద్ధతి స్థిరపడిన తర్వాతే, 1970ల చివరి నుండి, కాయు గెతా బల్లలకూ కుర్చీలకూ ఎక్కింది. విదేశాల బజారులో దానికి మలేషియన్ ఓక్ అని పేరు కూడా పెట్టారు. పాత చెట్టుకు ఎంత గొప్ప పేరో!

ఇక వడ్రంగం మాట. కలపలో గాడి తీయడానికి మన వడ్రంగులు ఉలి, సుత్తి వాడారు. గాడి అడుగును ఒకే లోతున చదును చేసే చిన్న చిత్రికను స్టాన్లీ కంపెనీ 1884 ప్రాంతంలో లోహంతో చేసి అమ్మింది. రౌటరు అన్న పేరు అప్పటికే దానికుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలోని సిరక్యూస్‌లో కార్టర్ అనే ఆయన చేతితో పట్టుకొనే విద్యుత్ రౌటరును తయారు చేశాడు. 1929లో స్టాన్లీ ఆ వ్యాపారాన్ని కొన్నది. పైనుండి కిందికి దించే రకం రెండవ ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీ నుండి వచ్చింది.

ఉలితో పనిచేసేటప్పుడు చేయి ఆగితే ఉలి ఆగుతుంది. రౌటరు అలా కాదు. నిమిషానికి 22,000 చుట్లు తిరిగే యంత్రానికి మూడంగుళాల బిట్టు బిగిస్తే, దాని అంచు గంటకు 300 కిలోమీటర్లు మించిన వేగంతో పోతుంది. పెద్ద బిట్టుకు 10,000 చుట్లు, అంతకన్నా తక్కువ వేగమే తగినది. వేగం మార్చే బిరడా లేని పాత రౌటరుకు పెద్ద బిట్టు బిగించనే కూడదు.

తిరిగే కత్తి చేతిని ఏమి చేస్తుందో లోకానికి ముందు తెలిపినది చిత్రిక యంత్రం. పాత యంత్రాల్లో కత్తులు బిగించే దిమ్మె చదరంగా ఉండేది. దిమ్మెకూ బల్లకూ నడుమ ఖాళీ ఎక్కువ కాబట్టి జారిన చేయి లోపలికి పోయేది. బ్రిటన్‌లో 1922 నాటి నిబంధనలు, చేత్తో కలప తోసే యంత్రాలకు గుండ్రని దిమ్మెను తప్పనిసరి చేశాయి. చదరపు దిమ్మె పాడైందని కాదు, అది కోస్తూనే ఉండేది. పని చేస్తున్న పనిముట్టును కూడా తీసివేయవలసి వస్తుందని చట్టం అప్పుడు ఒప్పుకొంది.

రౌటరు పట్టే పిల్లలకు రెండు మాటలు. యంత్రాన్ని బిట్టు తిరిగే దిశకు ఎదురుగా నడపాలి. చేతి రౌటరుతో పలక వెలుపలి అంచు చెక్కేటప్పుడు గడియారపు ముళ్లకు వ్యతిరేకంగా పోవాలి, చట్రం లోపలి అంచుకు గడియారపు దిశలో పోవాలి. తిరగబడి నడిపితే బిట్టు కలపను పట్టుకొని యంత్రాన్ని చేతుల్లోంచి లాక్కుపోతుంది. బల్లకు బిగించిన రౌటరు దగ్గర కలపను కుడి నుండి ఎడమకు తోయాలి. బిట్టుకూ వెనుక కంచెకూ నడుమ ముక్కను ఎప్పుడూ ఇరికించకూడదు, అది బాణంలా విసిరివేస్తుంది. బిట్టు మార్చేటప్పుడు మీట ఆపితే చాలదు, ప్లగ్గు లాగాలి. బిట్టు కాడను కొల్లెట్‌లో అడుగు దాకా దించి, ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి తీసి బిగించాలి.

అసలు చిక్కు పాతదాన్ని ఎప్పుడు వదలాలన్నదే. విజయదశమికి ఆయుధపూజలో తాతగారి ఉలికి, నాన్నగారి రౌటరుకు కుంకుమ పెడతాము. ఉలి సానబట్టిన కొద్దీ కొత్తదవుతుంది, దాన్ని మనుమలు కూడా వాడవచ్చు. రౌటరు అలా కాదు. బిగించిన బిట్టు పనిలో కొంచెం కొంచెంగా కిందికి జారుతున్నా, కాడ మీద నల్లని మచ్చలూ గీతలూ పడుతున్నా, కొల్లెట్ అరిగిందని గుర్తు. అది చవకే, వెంటనే మార్చాలి. కలప మీద కాలిన నలుపు వస్తే బిట్టు మొద్దుబారినట్టు. కార్బైడ్ మొన పగిలినా కాడ వంగినా ఆ బిట్టును చెత్తలో వేయాలి. కార్బన్ బ్రష్షులు అరిగితే మార్చుకొని వాడవచ్చు. కాని ఇరుసును చేత్తో కదిపితే ఊగుతున్నా, మీట ఆపినా యంత్రం ఆగకపోయినా, తీగ తొడుగు పెళుసై చిట్లినా, బాగుచేయించే ఖర్చును కొత్తదాని ధరతో పోల్చి చూడాలి. లోహపు తొడుగున్న పాత యంత్రానికి భూమి తీగ లేకపోతే పోల్చనక్కరలేదు, వాడకం మానాలి. గోడకు తగిలించి బొట్టు పెట్టుకోవచ్చు, మాకేమీ అభ్యంతరం లేదు.

దుమ్ము మాట కూడా ఉంది. కలప దుమ్ము మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రకటించింది. దుమ్ము లాగే గొట్టం తగిలించే వీలు పాత రౌటర్లలో చాలావాటికి లేదు.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. మలేషియాలో 1967 నాటి ఫ్యాక్టరీలు, యంత్రాల చట్టం 2024 జూన్ 1న రద్దయింది. సవరించిన 1994 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య చట్టం అదే రోజు నుండి ఇంటి పనివారిని, ఇంకా కొద్దిమందిని మినహాయించి అన్ని పనిచోట్లకూ వర్తిస్తున్నది. ఇద్దరు ముగ్గురు పనివాళ్లతో పెరట్లో నడుపుకొనే వడ్రంగి కొట్టు కూడా అందులోకే వస్తుంది.