ఇల్లెందు బొగ్గు, లండను వాటాలు

తిరుమలాయపాలెం ప్రాంతపు ముస్లిం కుటుంబాల్లో ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము పొలానికో, ఇంటికో, ఆడపిల్ల నగకో చేరుతుంది గాని షేరు మార్కెట్టుకు చేరడం అరుదు. కారణమడిగితే మనవారు వెంటనే షరీఅత్ పేరు చెబుతారు. అది సగం నిజమే. ఇతర మతస్థుల ఇండ్లలోనూ ఇదే పరిస్థితి. 2017లో రిజర్వు బ్యాంకు సంఘం వేసిన లెక్క ప్రకారం సగటు భారతీయ కుటుంబపు ఆస్తిలో 77 శాతం భూమీ ఇండ్లూ, 11 శాతం బంగారం; డిపాజిట్లు, బీమా, షేర్లు వగైరా అన్నీ కలిపినా 5 శాతమే. ఏటా వాన మీద, మిరప ధర మీద బ్రతుకు పెట్టుకున్న రైతు మరొక అపాయాన్ని కోరి తెచ్చుకోడు.

లాభనష్టాలను పంచుకొనే భాగస్వామ్యాన్ని ఇస్లాం నిషేధించలేదు. హజ్రత్ ఖదీజా (రజి) సొమ్ముతో దైవప్రవక్త (స) సిరియాకు వర్తకానికి వెళ్ళింది ఈ పద్ధతిలోనే. నిషేధం వడ్డీకి, జూదానికి, 'గరర్'కు. తాను కొంటున్నదేమిటో కొనేవానికి తెలియని బేరం గరర్. నీటిలోని చేపను, ఆకాశంలోని పక్షిని అమ్మడం దీనికి ఫిఖ్హ్ గ్రంథాలు చెప్పే ఉదాహరణలు. మనకు ఇంకా దగ్గరలోనే ఒకటి ఉన్నది.

తిరుమలాయపాలానికి ఈశాన్యంగా ఇల్లెందు వద్ద 1871లో డాక్టర్ కింగ్ బొగ్గు కనుగొన్నాడు. దానిని త్రవ్వడానికి 1886లో లండనులో హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడింది. మూలధనం పది లక్షల పౌండ్లు, ఒక్కొక్క వాటా 10 పౌండ్లు. లక్ష వాటాలలో 85,000 వాటాలు గనుల హక్కు సంపాదించిన వాట్సన్, స్టివార్టులకు, పైకం పూర్తిగా ముట్టినట్లే వ్రాసి, దక్కాయి. నిజాం ప్రభుత్వం తరఫున వ్యవహారం నడిపినవాడు సర్దార్ దిలేరుల్ ముల్క్ అబ్దుల్ హక్. వారితో అతనికి రహస్యంగా పొత్తు ఉన్నది. ప్రభుత్వం కూడా వాటాలు కొనాలని నచ్చజెప్పి, బజారులో కొన్నట్లు చూపుతూ, తన వాటాలనే 12 పౌండ్ల చొప్పున ఖజానాకు అంటగట్టాడు. 1888లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం విచారణ జరిపింది. అతని పదవి పోయింది.

ఇక్కడ బొగ్గు అబద్ధం కాదు. ఆ కంపెనీ ఆస్తులే 1920లో సింగరేణి కాలరీస్‌కు సంక్రమించాయి, ఆ సంస్థ నేటికీ నడుస్తున్నది. దాచబడింది అమ్మేవాడెవరన్న సంగతి. మంత్రులూ మునీములూ గల ప్రభుత్వానికే అది తెలియకపోతే, వేలిముద్ర వేసే రైతు జంకడాన్ని అజ్ఞానమనడం న్యాయం కాదు.

2010లో బొంబాయి ఎక్స్ఛేంజిలో షరీఅత్‌కు అనుగుణమైన 50 కంపెనీల సూచీ మొదలైంది. ఇటువంటి సూచీ కంపెనీ వ్యాపారాన్నీ, వడ్డీ అప్పులనూ జల్లెడ పడుతుంది. అమ్మేవాని మనసులో ఏమున్నదో దానికి అందదు.

అయితే మన జాగ్రత్తలోనూ ఒక లోపమున్నది. 2019 జూన్‌లో బెంగుళూరులో ఐ.ఎం.ఏ. అనే సంస్థ కూలి, హలాల్ లాభమన్న మాట నమ్మిన వేలాది ముస్లిం కుటుంబాలు మునిగాయి. షేరు మార్కెట్టు పేరెత్తితే భయపడే ఇండ్లు కూడా అక్కడ సొమ్ము పెట్టాయి. ఎదుట ఉన్నది ఊరూ పేరూ లేని కాగితం కాదు, సలాం చెప్పే మనిషి. నిజాం దర్బారుకు అబ్దుల్ హక్ కూడా మనవాడే.