గడువు దాటిన పేరు

మా జహీరాబాద్‌లో తగాదా అంటే భూమి తగాదా అనే లెక్క. బొంబాయి రోడ్డుకి అటూ ఇటూ ఉన్న ఎకరాల మీద నడిచినన్ని పంచాయితీలు మరి దేని మీదా నడిచి ఉండవు. అందుకని, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న కుర్రాడు పొద్దున్నే వచ్చి, "సార్, పాత ఓనరు వాపస్ ఇయ్యమంటుండు" అనగానే, సర్వే నంబరెంత అని అడిగాను.

వాడు నవ్వాడు. "భూమి కాదు సార్. పేరు. డాట్ కామ్ పేరు."

సంగతేమిటంటే, వాడు మా ప్రాంతపు అల్లం కొని బయటి ఊళ్లకి పంపే వ్యాపారం మొదలుపెట్టాడు. కంప్యూటర్‌లో దుకాణానికి పేరు కావాలని వెతుకుతుంటే, సరుకు పేరూ బజారు మాటా కలిసిన ముచ్చటైన పేరొకటి ఖాళీగా కనిపించింది. ఎనిమిది వందల చిల్లర కట్టి తీసుకున్నాడు. నాలుగు నెలలు గడిచాయి. అప్పుడు బీదర్ వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. ఆ పేరు ఏడేళ్లపాటు తనదేననీ, పొరపాటున గడువు దాటిపోయిందనీ, మర్యాదగా ఇచ్చేస్తే సరి, లేకపోతే కోర్టుకెక్కుతాననీ అన్నాడు. ఫోన్ల మీద ఫోన్లు. ఇంట్లో వాళ్లన్న ఇచ్చిన సలహా ఒక్కటే. "రెండు లక్షలడుగు. ఇస్తే ఇస్తడు, లేకుంటే లేదు."

"ఆ ఒక్క పనీ చెయ్యకు. నోటితో కూడా అనకు" అన్నాను. ఎందుకన్నానో వాడికి చెప్పేసరికి ఒక పూట పట్టింది. చెప్పాలంటే కథ మొదటికి వెళ్లాలి మరి.

మొదట్లో ఈ పేర్లకి ఖరీదూ లేదు, గడువూ లేదు. అమెరికాలో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మొదలైన రోజుల్లో ఏ యంత్రం పేరేమిటో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఒక జాబితాగా రాసి పెట్టుకునేవారు. ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ బృందం ఆ జాబితాకి కాపలా. గ్రామ కరణం దగ్గర ఊరి లెక్కలన్నీ ఉన్నట్టే అనుకోండి. యంత్రాలు పెరిగి కరణీకం సాగక, 1983లో పాల్ మొకపెట్రిస్ ఇప్పటి డొమైన్ పేర్ల పద్ధతిని కనిపెట్టాడు. 1985 మార్చి 15న సింబాలిక్స్ అనే కంపెనీ మొట్టమొదటి డాట్ కామ్ పేరు నమోదు చేసుకుంది. దానికి పైసా కట్టలేదు. ఆ తర్వాత పదేళ్లు ఎవరూ కట్టలేదు. ఖర్చంతా అమెరికా ప్రభుత్వం భరించేది, చివరి ఏళ్లలో దాని సైన్స్ ఫౌండేషన్ ద్వారా.

1995 సెప్టెంబరులో కథ మారింది. పేర్ల నమోదు చూసే నెట్‌వర్క్ సొల్యూషన్స్ కంపెనీ రుసుము వసూలు చేసుకోవచ్చని ఫౌండేషన్ ఒప్పుకుంది. రెండేళ్లకి నూరు డాలర్లు. డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ రోజుతో పేరు ఇనాం భూమి కాస్తా కౌలు భూమి అయిపోయింది. కట్టినంత కాలం నీది, కట్టకపోతే కాదు. 'గడువు తీరిన పేరు' అనే మాట పుట్టింది అప్పుడే. పాత ఓనరు అనే మనిషి పుట్టిందీ అప్పుడే.

కౌలంటే మావాళ్లకి వేరే చెప్పాలా? ఈ తాలూకా 1956 దాకా నిజాం నాటి బీదర్ జిల్లాలోదే. హైదరాబాద్ రాజ్యంలో 1950లో వచ్చిన కౌలుదారీ చట్టం, ఏళ్ల తరబడి దున్నుకుంటున్నవాడికి 'రక్షిత కౌలుదారు' అని పేరు పెట్టింది. తర్వాత 38-ఇ సెక్షన్ కింద కొందరికి ఆ భూమే సొంతమైంది. నేలని నమ్ముకున్నవాడి మీద చట్టానికి అంత దయ. పేర్ల లోకంలో రక్షిత కౌలుదారు లేడు. ఇరవై ఏళ్లు వరసగా కట్టి ఇరవై ఒకటో ఏడు మర్చిపోతే, ఆ ఇరవై ఏళ్లూ ఏ లెక్కలోకీ రావు. తాకట్టు సంగతి చూడండి. పొలం తాకట్టు పెట్టినవాడు విడిపించుకోవడానికి 1963 నాటి లిమిటేషన్ చట్టం 30 ఏళ్లు గడువిచ్చింది. అంతకు ముందున్న 1908 చట్టం ఏకంగా 60 ఏళ్లిచ్చింది. తాత పెట్టిన తాకట్టు మనవడు విడిపించుకోవచ్చన్నమాట. డాట్ కామ్ పేరు చెరిపేశాక విడిపించుకునే గడువు 30 రోజులు!

మర్చిపోవడం చిన్నవాళ్ల జబ్బే అనుకోకండి. 1999 డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ పండగ వేళ, మైక్రోసాఫ్ట్ వారి హాట్‌మెయిల్ చాలామందికి తెరుచుకోలేదు. ఉత్తరాల పెట్టె తాళం తీసే పని పాస్‌పోర్ట్ డాట్ కామ్ అనే పేరు మీద నడిచేది. దానికి కట్టవలసిన 35 డాలర్లు ఆ కుబేర సంస్థ కట్టలేదు. నాష్‌విల్ ఊళ్లో మైకేల్ చేనీ అనే కంప్యూటర్ పనివాడు తన ఉత్తరాలు కనపడక కారణం వెతుక్కుంటూ వెళ్లి, విషయం పసిగట్టి, తన క్రెడిట్ కార్డుతో ఆ 35 డాలర్లూ కట్టేశాడు. తలుపులు తెరుచుకున్నాయి. ఎదుటివాడి శిస్తు కట్టినంత మాత్రాన పొలం మనది కానట్టే, పేరు మైక్రోసాఫ్ట్‌దిగానే ఉంది. ఆయనా నాదే అనలేదు. ఈ చరిత్రలో నాకు బాగా నచ్చిన మనిషి ఆయనే.

అయితే మర్చిపోయినవాడికి బొత్తిగా దారి లేకుండా చేయలేదు. పేర్ల లోకానికి పెద్దదిక్కయిన ఐకాన్ సంస్థ నిబంధన ఒకటి 2013 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. గడువుకి నెల ముందొకసారి, వారం ముందొకసారి రిజిస్ట్రారు హెచ్చరిక పంపాలి. గడువు దాటిన ఐదు రోజుల్లోపు మళ్లీ పంపాలి. డాట్ కామ్ అయితే పాతవాడు మామూలు రుసుముతోనే పునరుద్ధరించుకోవడానికి 45 రోజుల దాకా వీలు ఉండవచ్చు. ఈలోగా వేలం పాటలో పెట్టేసే రిజిస్ట్రార్లూ ఉన్నారు, అది వేరే సంగతి. పేరు చెరిపేశాక నేను చెప్పిన ఆ 30 రోజులు. అప్పుడు అపరాధ రుసుము ఉంటుంది. ఆపైన ఐదు రోజులు పేరు ఎవరిదీ కాకుండా వేలాడుతుంది. ఆరో రోజు ముందొచ్చినవాడిది. మా కుర్రాడి చేతికి ఇన్ని మెట్లూ దిగి వచ్చింది. బీదర్ పెద్దాయనకి హెచ్చరికలన్నీ వెళ్లాయి, కానీ ఆయన మేనల్లుడి మెయిలుకి. మేనల్లుడు మూడేళ్ల కిందట పూనా వెళ్లిపోయాడు!

మరి ఇంత పద్ధతిగా చేతులు మారిన పేరుని వాపసు అడగడానికి ఏం హక్కు? ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. కౌలు అయిపోయింది కనుక హక్కులన్నీ అయిపోయాయనుకుంటారు. కౌలు అయిపోయేది పేరు నమోదుకే. ఆ పేరు మీద జనం పెట్టుకున్న నమ్మకం ఒకటుంటుందే, అది ఎప్పుడూ కౌలుకి తీసుకున్నది కాదు, కనుక దానికి గడువు తీరదు. దాన్నే ట్రేడ్‌మార్కు అంటారు. రిజిస్టరు కాకపోయినా బజారులో పేరు పండి ఉంటే మన కోర్టులు దాన్ని కాపాడతాయి.

దీనికి మన హైదరాబాద్ వ్యాజ్యమే ఒకటి ఉంది. కల్లం అంజిరెడ్డి గారు 1984లో పెట్టిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ పేరు లోకానికి తెలిసిందే. డాక్టర్ రెడ్డీస్ ల్యాబ్ డాట్ కామ్ అని ఎవరో నమోదు చేసుకున్నారు. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకి వెళ్తే, 2001లో కోర్టు కంపెనీ పక్షానే తీర్పిచ్చింది. డొమైన్ పేరు ఉత్త చిరునామా కాదు, వ్యాపార చిహ్నం చేసే పనే ఇదీ చేస్తుంది అన్నది అక్కడి న్యాయం.

ఇంకొకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ వారి పిల్ల కంపెనీ సత్యం ఇన్ఫోవే, తన పేరులోని ముక్కలు కలిపి 'సిఫీ' అనే మాట తయారు చేసుకుని 1999లో ఆ మాటతో పేర్లు నమోదు చేసుకుంది. 2001లో ఇంకొకరు అదే పలుకుబడితో, ఒక 'ఎఫ్' అదనంగా వేసి, సిఫీనెట్ అని నమోదు చేసుకున్నారు. ఇదెక్కడి పేరయ్యా అంటే, మా ఐదుగురు ప్రమోటర్ల పేర్లలో తొలి అక్షరాలు కలిపితే అలా వచ్చిందన్నారు. కథ బాగానే ఉంది. బెంగుళూరు సివిల్ కోర్టు సత్యం వైపు, హైకోర్టు అవతలివారి వైపు మొగ్గాయి. 2004 మే 6న సుప్రీంకోర్టు ఐదక్షరాల కథ నమ్మలేదు. డొమైన్ పేర్ల కోసం మన దేశంలో ప్రత్యేక చట్టం లేకపోయినా, ఒకరి సరుకుని ఇంకొకరి పేరుతో చలామణీ చేయడాన్ని ఆపే పాత న్యాయమే వీటికీ వర్తిస్తుందని తేల్చింది. ఎవరు ముందు నమోదు చేశారన్నది కాదు, ఏ మనసుతో చేశారన్నది ప్రశ్న అయి కూర్చుంది.

మనసు ఎలా తెలుస్తుంది? ఇక్కడికి వచ్చాక వాళ్లన్న చెప్పిన రెండు లక్షల సంగతి ఎత్తాను. కోర్టులకి వెళ్లకుండా ఇలాంటి తగాదాలు తేల్చడానికి 1999లో ఐకాన్ ఒక పంచాయితీ పద్ధతి పెట్టింది. దాని కింద మొదటి తీర్పు 2000 జనవరిలో వచ్చింది. అమెరికా కుస్తీల సంస్థ వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ పేరుని ఒకాయన నమోదు చేసుకుని, మూడో రోజునే ఆ సంస్థకి వెయ్యి డాలర్లకి అమ్ముతానని చెప్పాడు. ఆ మాటే ఆయన్ని ఓడించింది. ట్రేడ్‌మార్కు ఉన్నవాడికి, తన చేతి ఖర్చుకి మించిన ధరకి అమ్మడానికే పేరు తీసుకున్నాడని తేలితే అది దురుద్దేశానికి సాక్ష్యమని నిబంధనల్లోనే రాసి ఉంది. ఏ పాపమూ ఎరగని కుర్రాడు వేళాకోళానికి లక్షలంటే, ఆ వేళాకోళమే కాగితమై ఎదురొస్తుంది.

అలాగని అడిగినవాడల్లా గెలవడు. మూడు సంగతులు రుజువు చేయాలి. పేరు తన ట్రేడ్‌మార్కుని పోలి ఉందనీ, ఎదుటివాడికి దాని మీద న్యాయమైన ఆసక్తి లేదనీ, దురుద్దేశంతో నమోదు చేసి వాడుతున్నాడనీ చూపించాలి. మూడింట్లో ఒకటి తప్పినా కథ కంచికే. ఒక పేరు మీద ఒక్క న్యాయనిర్ణేతకి జెనీవాలోని మేధోసంపత్తి సంస్థ దగ్గర ఫిర్యాదుదారు 1500 డాలర్లు కట్టాలి. నోటీసు వస్తే జవాబివ్వడానికి 20 రోజులు. ఇవ్వకపోతే ఉన్న కాగితాల మీదే తేల్చేస్తారు. బెదిరింపుకోసమే ఫిర్యాదు పెట్టారని తేలితే, అది పేరుని లాక్కునే ప్రయత్నమని తీర్పులోనే రాస్తారు. మన డాట్ ఇన్ పేర్లకి 2005 నుంచి వేరే పద్ధతి ఉంది. అక్కడ నమోదులో గాని వాడకంలో గాని, ఏదో ఒకదాంట్లో దురుద్దేశం ఉన్నా చాలు.

"అయితే నాదేం తప్పు లేదు గద సార్? అల్లం, బజారు మామూలు మాటలే గద" అన్నాడు వాడు.

నిజమే, మామూలు మాటల మీద ఎవరికీ గుత్తాధిపత్యం ఉండదు. కానీ ఆ పెద్దాయన అమ్మేదీ అల్లమే. అది నాకు గుచ్చుకుంటోంది. "ఆయన్ని ధర అడగకు, మీ దగ్గర ఏం కాగితాలున్నాయో చూపించండి అని మర్యాదగా రాయి" అని చెప్పాను. ఇంకో మాట కూడా అడిగాను. పాత పేరు మీద ఉత్తరాలేమైనా వస్తున్నాయా అని. వాడు తల గోక్కున్నాడు. వస్తున్నాయట. ఆ పేరుకి ఎవరేం రాసినా తనకే చేరేలా పెట్టాడు. ఒక బ్యాంకు నుంచి, ఇద్దరు ముగ్గురు పాత బేరగాళ్ల నుంచి. "తెరిచావా?" అన్నాను. "రెండు తెరిచిన సార్. తర్వాత తెరవలే." పేరు కొన్నవాడు ఇల్లు కొన్నట్టే. పాత ఇంటివాళ్లకి వచ్చిన కార్డులు చదువుతామా? ఆ పూటే వాటన్నిటినీ పెద్దాయనకి పంపించాడు.

అంతవరకూ కోర్టూ కేసూ అన్న పెద్దాయన మర్నాడు మా ఊరికి స్వయంగా బస్సెక్కి వచ్చాడు. చేతిలో ట్రేడ్‌మార్కు కాగితమేమీ లేదు. మడిచిపెట్టిన ఖాళీ గోనె సంచి ఒకటి తెచ్చాడు. దాని మీద ఎర్రసిరాతో అల్లం కొమ్ము బొమ్మ, కింద ఆ పేరు. అలాంటి సంచులు ఏడేళ్లుగా షోలాపూర్ దాకా వెళ్తున్నాయట. "వెబ్‌సైటు చూసేదెవరు బేటా, సంచి చూసి అడుగుతరు" అన్నాడు.

సంచి చూశాక కుర్రాడు నా మొహం చూశాడు. నేనేమీ అనలేదు. నమోదు రుసుమూ, బొమ్మ గీసినవాడికి ఇచ్చిందీ కలిపి రెండు వేల లోపు లెక్క కాగితం మీద రాసి ఇచ్చాడు. అంతకు మించి రూపాయి వేయలేదు. పెద్దాయన అక్కడికక్కడే లెక్కపెట్టి ఇచ్చాడు. పేరు బదిలీ చేయడానికి అరగంట పట్టింది, టీ రావడానికి అంతకంటే ఎక్కువ పట్టింది. గడువు తేదీ పెద్దాయన ఫోనులో కుర్రాడే ఎక్కించాడు. హెచ్చరికలు వెళ్లే మెయిలు దగ్గర మేనల్లుడిది తీసేసి, ఇంట్లో ఉండే పెద్దకోడలిది వేయించుకున్నాడు ఆయన.