మూసీతీరమున రెసిడెన్సీ భవనము – ఒక పరిశీలనము

హైదరాబాదునందలి కోఠీ ప్రాంతమున, నేటి వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణములో, పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ భవనము కలదు. నేడది జనసమ్మర్దము నడుమ నున్నది గాని, నిర్మాణకాలమున నగరప్రాకారమునకు వెలుపల, మూసీనది ఉత్తరతీరమున, తోటల నడుమ వెలసిన ఉద్యానగృహము. ఈ విషయమును విస్మరించినచో దాని చరిత్ర సగమే బోధపడును.

1798వ సంవత్సరపు సంధితో నిజాము అలీఖాను ఆంగ్లేయుల సైన్యసహాయమునకు లోబడెను. ఆనాటి రెసిడెంటు జేమ్సు అకిలీస్ కర్కుపాట్రిక్. ఆయన భవనస్థలమును కోరుచు పెద్ద పటము చూపగా నిజాము నిరాకరించెననియు, అదే పటమును చిన్న కాగితముపై గీయించి చూపగా సమ్మతించెననియు ఒక కథ కలదు. కథ యథార్థమైనను కాకున్నను, ఒక సత్యమును మాత్రము సూచించుచున్నది: కోరినది ఆంగ్లేయుడు, భూమియు ధనమును ఇచ్చినది నిజాము. 1803 ప్రాంతమున ఆరంభమైన ఈ నిర్మాణమునకు శిల్పి మద్రాసు ఇంజనీరు దళమునకు చెందిన శామ్యూల్ రస్సెల్.

ఉత్తరముఖమున ఆరు కొరింథియను స్తంభములు, విశాలమైన మెట్లు, వాని కిరుప్రక్కల సింహములు, పైన ఈస్టిండియా కంపెనీ చిహ్నము కనబడును. ఇది యంతయు అధికారప్రదర్శనమే. అయితే ఈ ఆవరణముననే వేరొక గృహముండెను. అది కర్కుపాట్రిక్ తన భార్య ఖైరున్నిసా బేగమునకై నిర్మించిన రంగమహలు. దేశీయరీతిలో జలయంత్రములతో, ఉద్యానముతో, ఘోషాకు అనుకూలముగా కట్టబడిన అంతఃపురము. ఆ తోటలో పెద్ద భవనముయొక్క చిన్న నమూనా నొకదానిని నిర్మించిరి. ఘోషాలోనుండు బేగము బయటి భవనమును చూచుటకై అట్లు చేసిరని జనశ్రుతి.

కర్కుపాట్రిక్ 1805లో కలకత్తాలో మరణించెను. భవనము నిలిచినది, 1860 ప్రాంతమున రంగమహలు పడగొట్టబడినది. పాలకజాతికిని పాలితజాతికిని నడుమ దూరము పెరిగిన కొలదియు, ఈ దాంపత్యపు గుర్తు తరువాతివారికి రుచింపకుండుట ఆశ్చర్యము కాదు. కావున రంగమహలు లేకుండుటయే ఒక చారిత్రకసాక్ష్యము.

1857 జూలై 17న తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అలావుద్దీనుల నాయకత్వమున ప్రజలు రెసిడెన్సీపై దాడి చేసిరి. తుర్రేబాజ్‌ఖాను తదుపరి చంపబడెను. మౌల్వీ అండమాను దీవులకు పంపబడెను. అటుపిమ్మట ఆవరణపు గోడలు బలపరుపబడెను. తోట యిల్లు కోటయైనది.

రెసిడెంటు ప్రాబల్యము రాజధానికే పరిమితము కాలేదు. సింగరేణి బొగ్గుగనుల హక్కులను 1886లో పొందిన హైదరాబాదు దక్కను కంపెనీ వ్యవహారమును 1888లో బ్రిటిషు కామన్సు సభాసంఘము విచారించెను. నేడు గోదావరిఖని, రామగుండము వరకు విస్తరించిన గనుల తొలిచరిత్రను పరిశోధించువారు ఈ మూసీతీర గృహమును, దాని వెనుకనున్న అధికారమును గమనింపవలసియున్నది.

1949లో ఉస్మానియా మహిళా కళాశాల ఈ భవనమున ప్రవేశించెను. ఒకనాడు ఒక స్త్రీ చిన్న నమూనాయందు మాత్రమే చూచెనని చెప్పబడు ఆ దర్బారుమందిరమున అనేకతరముల విద్యార్థినులు చదివిరి. స్తంభముల వైభవమునే గాక, కనుమరుగైన రంగమహలును, చిన్న నమూనాను, దాడి పిమ్మట బలపడిన గోడను కూడ చదువగలిగిననే ఈ భవనచరిత్ర సమగ్రమగును.