పసుపు ఊళ్ళో పసుపు చేప

మాఘ ఫాల్గుణాల్లో ఆర్మూరు చుట్టుపక్కల కళ్ళాలన్నీ ఉడికించిన పసుపుకొమ్ములతో నిండిపోతాయి. ఆ రంగు చూస్తూ పెరిగినందువల్లనేమో, హైదరాబాదులో ఒక దుకాణపు గాజుతొట్టిలో ఆరెంజ్ క్రోమైడ్ జంటను చూడగానే మా ఊరి చేపే అనిపించింది. దుకాణదారు మాత్రం "ఫారిన్ సార్" అన్నాడు.

అది దక్షిణ భారతానికీ శ్రీలంకకూ చెందిన చేప. సిక్లిడ్ కుటుంబంలో మనదేశపు సొంతవి మూడే జాతులు. జానెడు కూడా ఉండని ఇది వాటిలో చిన్నది. బెర్లిన్ వైద్యుడు మార్కస్ ఎలీజర్ బ్లాక్ 1795లో దీన్ని వర్ణించి 'మచ్చలది' అనే అర్థమొచ్చే లాటిన్ పేరు పెట్టాడు. ఆయన మన దేశానికి ఎన్నడూ రాలేదు. తరంగంబాడి మిషనరీ క్రిస్టోఫ్ శామ్యూల్ జాన్ వంటివారు పంపిన చేపలే ఆయన బల్ల మీదికి చేరేవి.

అదే కాలంలో విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ దారి వేరు. 1803లో లండన్‌లో వెలువడిన ఆయన గ్రంథంలో రెండువందల విశాఖ చేపల బొమ్మలతోబాటు స్థానికుల నోట విన్న పేర్లు కూడా ఉన్నాయి. ఆయన పాముల గురించి కూడా రాశాడు. కట్లపాముల ప్రజాతికి 'బంగారస్' అన్న శాస్త్రనామం మన 'బంగారు పాము' నుంచే వచ్చింది. ఒక తెలుగు మాట అలా లాటిన్‌లో స్థిరపడిపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1875-78 మధ్య భారతీయ మత్స్యాలపై బృహద్గ్రంథం వెలువరించిన ఫ్రాన్సిస్ డే కూడా దేశభాషల పేర్లను వదల్లేదు.

1909లో మదరాసు మెరీనాలో అక్వేరియం తెరిచారు. ఇళ్ళలోని తొట్ల మోజు మాత్రం క్రమంగా దక్షిణ అమెరికా మరుగుజ్జు సిక్లిడ్ల వైపు మళ్ళింది. 1948లో శాస్త్రజ్ఞులు పేరుపెట్టిన 'రామ్' వాటిలో ప్రసిద్ధం. (రాముడికీ దానికీ సంబంధం లేదు, రామిరెజ్ అనే ఆయన పేరది.) నేనూ మొదట వాటినే తెచ్చాను. మూడుసార్లు గుడ్లు పెట్టాయి, మూడుసార్లూ గుడ్లు తెల్లబడి బూజుపట్టాయి. ఒరినోకో ప్రాంతపు మృదుజలంలో పుట్టిన జీవికి, బిందె అడుగున తెల్లగా పేరుకునే మా బోరునీళ్ళు ఎలా సరిపడతాయి?

క్రోమైడ్లకు ఆ పేచీ లేదు. ఉప్పునీరూ మంచినీరూ కలిసేచోట బతికే జాతి కనుక కఠినజలాన్ని తట్టుకుంటుంది. బోర్లించిన పూలకుండీ పెంకును జంట నోళ్ళతో శుభ్రంచేసి గుడ్లంటించింది. తల్లీ తండ్రీ వంతులవారీగా రెక్కలతో విసిరాయి. పిల్లలు పొదిగాక గుంటలు తవ్వి, నోటితో ఒకచోటినుంచి మరోచోటికి మార్చాయి. ఈదడం వచ్చాక పిల్లలు తల్లిదండ్రుల ఒంటిని తాకి తాకి పోతూ చర్మపు జిగురును మేస్తాయి. వార్డ్, బార్లో అనే పరిశోధకులు 1967లో ఈ ప్రవర్తన మీదే ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రచురించారు.

మంచితనమే అనుకోకండి. ఈ చేప పిల్లలు తమ పెద్దజ్ఞాతి ఐన కరిమీన్ ఒంటి మీది పరాన్నజీవులను ఏరి తింటాయి. పెద్దవి సందు దొరికితే దాని గుడ్లనే మింగేస్తాయి! ఆ కరిమీన్‌ను కేరళ 2010లో రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. మన పులికాట్ సరస్సులోనూ అది ఉంది, మనవాళ్ళకు దాని సంగతే పట్టదు. 1952లో దేశంలోకి దిగిన తిలాపియా కూడా సిక్లిడ్డే. కోస్తాలో దాన్ని జిలేబి అంటారు. వచ్చినదానికి ముద్దుపేరు కుదిరింది, ఇంటిదాన్ని మాత్రం ఫారిన్ అంటున్నాం.

ఈ ఉదయం తండ్రి చేప పక్కన అరవైదాకా పిల్లలను లెక్కపెట్టాను. తొట్టి మీద అంటించిన చీటీలో 'పసుపు చేప' అని తెలుగులోనే రాశాను.