మన రైలు నడక: వాడి నుండి వలిగొండ దాకా

జపాను దేశమున మొట్టమొదటి రైలుబండి 1872 అక్టోబరులో టోక్యో నగరమందలి షింబాషి నుండి యొకొహామా రేవునకు నడిచినది. సరిగా రెండేండ్లకు, 1874 అక్టోబరులో, వాడి నుండి సికింద్రాబాదు వరకు నిజాము రాజ్యపు మొదటి రైలుమార్గము తెరువబడినది. రెండు రాజ్యములును రైలు నిమిత్తము లండను సాహుకార్ల గడప త్రొక్కినవే. రెండింటికిని ఆనాడు ఇంగ్లీషు ఇంజనీర్లే దిక్కు. నేడు టోక్యో నుండి ఒసాకాకు గల 515 కిలోమీటర్ల దూరమును అచ్చటి బండి రెండున్నర గంటలలోపలనే ముగించుచున్నది. సికింద్రాబాదు నుండి తిరుపతికి 2023 ఏప్రిలు నుండి నడచుచున్న వందేభారత్, మన మార్గమున మిక్కిలి వేగమైన బండి, సుమారు 660 కిలోమీటర్లకు ఎనిమిది గంటలకు పైగా తీసికొనుచున్నది. తక్కిన బండ్ల మాట చెప్పనక్కరలేదు.

రెండేండ్ల ఎడముతో బయలుదేరిన రెండు బండ్లు ఇంత యెడమైపోవుటకు కారణమేమి? ఇంజను బలము చాలకపోవుటయే కారణమని పలువురందురు. మేమట్లు తలపము. ఈ ప్రశ్నకు సమాధానము ఇంజనులో కంటె పట్టాల క్రింద, పట్టాల ప్రక్కన, పట్టాలు వేసినవారి ఉద్దేశములలో వెదుకవలసియున్నది.

బొంబాయి మదరాసుల నడుమ రైలుమార్గము 1871 నాటికి పూర్తియైనది. హైదరాబాదు ఆ దారికి దూరముగా ఉండిపోయినది. సికింద్రాబాదు కంటోన్మెంటులో దండు నిలిపియున్న ఇంగ్లీషువారికి ఆ దండును వేగముగా కదల్పగల మార్గము కావలసియుండెను. కనుక దివాను సాలార్‌జంగు నిజాము ప్రభుత్వపు సొమ్ముతో దారి వేయించుటకు ఒప్పుకొనెను. సొమ్ము నిజాముది, పర్యవేక్షణ బ్రిటీషు ప్రభుత్వముది. ఆ దారి వచ్చి చేరినది కూడ రాజధానికి కాదు, కంటోన్మెంటుకు. నగరవాసులకు నాంపల్లి స్టేషను 1907లో గాని కలుగలేదు. ముప్పదిమూడేండ్లు తమ ఊరి రైలును ఊరిబయటకు పోయి ఎక్కిన రాజధాని అది!

ఆ దారిని తూర్పునకు పొడిగించి, సింగరేణి బొగ్గు వరకును, చాందా వరకును కొనిపోవలెనన్న ఆలోచన వచ్చినప్పుడు పెద్ద రగడ పుట్టినది. 1870ల తొలినాళ్ళలో భూగర్భశాఖకు చెందిన విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనినది మొదలు లండను పెట్టుబడిదారుల చూపు ఇటు పడినది. 1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగు మరణించెను. ఆ తరువాత కొలది నెలలకే చాందా రైల్వే పథకము ముందునకు వచ్చినది. షరతులేమో ప్రజలకు తెలుపుడు, వారి మాటయు వినుడు అని హైదరాబాదులో కొందరు చదువుకొన్నవారు సభలు చేసి అడిగిరి. వారిలో హైదరాబాదు కళాశాల ప్రధానాచార్యులు అఘోరనాథ చట్టోపాధ్యాయ ముఖ్యులు. సరోజినీ నాయుడు తండ్రిగారు. అడిగినందుకు ప్రతిఫలముగా ఆయనను ఆ మే నెలలోనే రాజ్యమునుండి వెళ్ళగొట్టిరి. ముల్లా అబ్దుల్ ఖయ్యూముగారికిని అదే గతి పట్టినది. తెలంగాణమున బహిరంగ రాజకీయములకు ఆరంభమెక్కడ అని వెదకువారు గ్రంథాలయములను, సభలను చెప్పుదురు. రైలు లెక్కలు అడిగిన ఈ గొడవను గూడ వారు మరువరాదని మా మనవి.

అదే సంవత్సరము చివర లండనులో ఒడంబడిక జరిగినది. నిజాముల గ్యారంటీడు స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడినది. ఇరువది సంవత్సరములపాటు పెట్టుబడి మీద నూటికి 5 చొప్పున రాబడికి నిజాము ఖజానా పూచీ పడినది. బండి నిండినను నిండకున్నను, నడిచినను నిలిచినను, వాటాదారునకు రావలసినది వచ్చును. ఇట్టి ఏర్పాటులో దారిని వేగముగా పూర్తిచేయుటకు ఉత్సాహముండును గాని దారిప్రక్క ఊళ్ళకు అక్కరకు వచ్చునట్లు వేయుటకు ఉత్సాహముండుటకు హేతువు లేదు. దారి 1886లో వరంగల్లు చేరినది, 1889 ఫిబ్రవరిలో బెజవాడ చేరినది. జపాను కూడ 1870లో లండనులో నూటికి 9 వడ్డీకి అప్పు తెచ్చినదే. కాని దారిని తన చేతిలోనే ఉంచుకొన్నది, 1906, 1907లలో ప్రైవేటు కంపెనీల ముఖ్యమార్గములను గూడ కొనివేసినది. హైదరాబాదు తన రైలును తాను కొనుక్కొన్నది 1930 ఏప్రిలు 1వ తేదీన.

ఆ వరంగల్లు మార్గమున బీబీనగరు, భువనగిరి, ఆలేరు, జనగామ స్టేషనులు వెలసినవి. మోత్కూరు దానికి దక్షిణమున పది పన్నెండు కోసుల దూరమున మిగిలిపోయినది. నల్గొండ సీమకు ఆముదాలు పెద్ద వాణిజ్యపు పంట. బండ్లకెత్తిన ఆముదాలు స్టేషను చేరుటకు ఎడ్లకు రాత్రి తెల్లవారును; అచ్చటనుండి రైలుకు బెజవాడ చేరుటకు అంతకన్న ఎక్కువ కాలము పట్టదు. పది కోసులకు ఒక రాత్రి, నూరు కోసులలోపు దూరమునకు ఒక పగలు! రైలు వేగమును లెక్కించువారెవ్వరును ఈ మొదటి రాత్రిని లెక్కలో వేయరు. రైల్వేశాఖ 1932 జూనులో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మోటారు సర్వీసులు ఆరంభించినది. తరువాతి కాలపు ఆర్.టి.సి.కి అదియే పునాది. రైలు చేయలేని పనిని రైల్వేవారే బస్సుతో చేయబూనినారన్నమాట. మోత్కూరుకు నేటికిని రైలు లేదు, బస్సే గతి.

రెండవ దారి వచ్చుటకు మరి నూరేండ్లు పట్టినది. బీబీనగరు నుండి వలిగొండ, రామన్నపేట, చిట్యాల, నల్గొండ, మిర్యాలగూడల మీదుగా కృష్ణ దాటి నడికుడికి పోవు మార్గము 1980ల చివర పూర్తియైనది. గుంటూరుకు దూరము తగ్గినది; నల్గొండ పట్టణమునకు మొదటిసారి రైలు వచ్చినది. కాని అది ఒంటి లైను. ఒంటి లైను అనగానేమో దానిమీద ప్రయాణము చేసినవారికి చెప్పనక్కరలేదు. ఎదుటి బండి వచ్చి దాటిపోవువరకు మన బండి స్టేషను లూపులైనులో పడియుండవలెను. "క్రాసింగు పడ్డది" అని ఎవడో ఒకడు కిటికీ నుండి తల వెలికి పెట్టి ప్రకటించును. మజ్జిగ అమ్మువాడు వచ్చును, పల్లీలు అమ్మువాడు వచ్చును, పసిపిల్లలు ఏడ్చి నిద్రపోవుదురు. ఎదుటి బండి ఒక స్టేషనులో పది నిమిషములు ఆలస్యమైనచో ఆ పది నిమిషములు మన బండికి అంటును, మన బండి నుండి దాని వెనుకటి బండికి అంటును. ఎంత బలమైన ఇంజనును తెచ్చి కట్టినను ఈ అంటురోగమును మాన్పజాలదు. మాన్పగలది రెండవ లైను ఒక్కటే.

ఇక వాగుల సంగతి. ఇది ఆలస్యముకన్న పెద్ద సంగతి.

తెలంగాణపు మెట్టభూములు చెరువుల దేశము. ఒక చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువులో పడును, దాని మత్తడి నీరు ఆ దిగువ చెరువులో పడును. గొలుసు చెరువులందురు. కాకతీయుల కాలమునుండి మన రైతు కడుపు నింపిన ఏర్పాటిది. కాని పై చెరువు కట్ట తెగినచో ఆ నీరంతయు ఒక్క పెట్టున క్రింది చెరువు మీద పడును, అదియు తెగును. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచినప్పుడు విచారణకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు, నగరమునకు ఎగువనున్న 788 చెరువులలో 221 తెగినట్లు లెక్క తేల్చిరి. ఆయన సలహా మీదనే ఉస్మానుసాగరు, హిమాయతుసాగరు వెలసినవి. నగరము కొంత కుదుటపడినది.

రైలుకట్ట ఈ గొలుసులకు అడ్డముగా పోవును. కట్ట క్రింద తూము ఎంత ఉండవలెనని ఇంజనీరు వాన లెక్క చూచి నిర్ణయించును. వాన లెక్క సరిపోవచ్చును. తెగిన చెరువు లెక్క మాత్రము దానిలో ఇమడదు. నాలుగు గంటలలో పోవలసిన నీరు అరగంటలో వచ్చి కట్ట మొదలు కోసివేయును. పట్టాలు మాత్రము స్లీపర్లతో సహా గాలిలో వ్రేలాడుచుండును. చీకటిలో డ్రైవరుకు దీపపు వెలుగులో కనబడునవి ఆ పట్టాలే.

1954 సెప్టెంబరు చివర జనగామ దగ్గర వాగు మీది వంతెన వరదకు పోయి, రాత్రివేళ ఎక్స్‌ప్రెస్ బండి నీట కూలినది. 100 మందికి పైగా మరణించిరి. రెండేండ్లు తిరుగకముందే, 1956 సెప్టెంబరు 2న, జడ్చర్ల మహబూబ్‌నగరుల నడుమ మరియొక వంతెన అట్లే పోయినది. మరల 100 మందికి పైగా. రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు రాజీనామా ఇచ్చిరి. ప్రధాని నెహ్రూగారు అంగీకరింపలేదు. ఆ నవంబరులో తమిళదేశమున అరియలూరు దగ్గర అదే రీతి ప్రమాదము జరుగగా శాస్త్రిగారు మరల రాజీనామా ఇచ్చిరి. ఈసారి అంగీకరించిరి. శాస్త్రిగారి నీతికి నిదర్శనముగా అరియలూరు పేరు దేశమంతయు చెప్పుకొనును. ఆ నీతికి మొదటి పరీక్ష మన పాలమూరు వాగు దగ్గర జరిగినదని చెప్పుకొనువారు తక్కువ.

2005 అక్టోబరు 29 తెల్లవారుజామున రేపల్లె నుండి సికింద్రాబాదు వచ్చుచున్న డెల్టా ప్యాసింజరు వలిగొండ దగ్గరకు వచ్చునప్పటికి, విపరీతమైన వానలకు పొంగిన నీరు చిన్న వంతెనను కొట్టివేసియుండెను. పెట్టెలు వాగులో పడినవి. మరల 100 మందికి పైగా మరణించిరి. దీపావళి పండుగ మూడు దినములలో ఉన్నది. ఆ సాయంకాలమే ఢిల్లీ బజారులలో బాంబులు ప్రేలినవి. మరునాటి పత్రికలలో దేశము చూపంతయు అటు పోయినది. వలిగొండ మోత్కూరునకు పొరుగూరి వంటిది. మూసీ నీరు, బిక్కేరు నీరు ఎరిగిన ఆ పల్లెలవారికి మాత్రము ఆ దినము ఒకే వార్త.

నెమ్మదిగా పోవు బండి క్షేమమైన బండి అని మనలో ఒక నమ్మకము కలదు. పెద్దలు "నిదానమే ప్రధానము" అన్నారు గదా అని దానికి ఊతమిత్తురు. వలిగొండలో కూలినది వేగపు బండి కాదు, ఊరూరునకు నిలుచు ప్యాసింజరు. అందులోనివారు వేగము వలన మరణింపలేదు. కట్ట తెగినదని చెప్పువారు లేక మరణించిరి.

జపానువారు 1964 అక్టోబరు 1న టోక్యో ఒసాకాల నడుమ షింకాన్సెన్ అను క్రొత్త మార్గమును తెరచినప్పుడు లోకమంతయు గంటకు 210 కిలోమీటర్ల వేగమును చూచి విస్తుపోయినది. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి కలదు. వారి పాత దారి ఇరుకుపట్టాలది, 1,067 మిల్లీమీటర్లది. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. వేగము పట్టాల వెడల్పులోనే ఉన్నచో మనమే ముందుండవలసినది! వారు పాత దారిని అతుకులు వేయక, వేరే భూమిలో జంటలైను వేసిరి. దానిమీద ఒక్క లెవెలు క్రాసింగు గేటైనను పెట్టలేదు. గూడ్సు బండ్లకును మెల్లబండ్లకును పాత దారిని వదలిరి. మార్గము పొడవున వర్షమాపకములు అమర్చిరి. వాన ఒక హద్దు దాటినచో బండ్ల వేగము తగ్గింతురు, మరి హద్దు దాటినచో నిలిపివేయుదురు. భూకంపమునకును ఇట్టి ఏర్పాటే కలదు. 2004లో నియిగాతా ప్రాంతపు భూకంపమున ఒక బండి పట్టాలు తప్పినను ప్రాణనష్టము కాలేదు. ఆరు దశాబ్దములలో ఆ మార్గములమీద బండ్లు ఢీకొనియో పట్టాలు తప్పియో మరణించిన ప్రయాణికుడు లేడు.

ఆ దారికి ఖర్చు మొదటి అంచనాకు సుమారు రెట్టింపైనది. అందుచేత ఆ పథకమునకు ప్రాణమైన అధ్యక్షుడు షింజి సోగో, ప్రధాన ఇంజనీరు హిడియో షిమా ఇరువురును బండి కదలుటకు ముందు సంవత్సరమే, 1963లో, పదవులు వదలవలసివచ్చినది. ప్రపంచబ్యాంకు ఇచ్చిన 8 కోట్ల డాలర్ల అప్పు మాత్రము 1981 నాటికి తీరిపోయినది. ఆ యేడే ఫ్రాన్సు పారిసు లియోనుల మధ్య తన వేగపుబండిని ఆరంభించినది. వేగపుబండ్లన్నియు నిరపాయములని మేమనుట లేదు. 1998లో జర్మనీలో ఎషెడె దగ్గర ఒక చక్రపు పగులు 101 మందిని బలిగొన్నది. 2011లో చైనాలో వెన్‌జౌ దగ్గర పిడుగుపాటుకు సిగ్నలు చెడి 40 మంది పోయిరి.

మన ఒంటి లైనుకు విద్యుత్తు తీగలు వచ్చినవి. గుంటూరు బీబీనగరుల మధ్య 239 కిలోమీటర్ల మేర రెండవ లైను వేయుటకు కేంద్ర మంత్రివర్గము 2023 ఆగస్టులో ఆమోదమిచ్చినది. అంచనా 2,853 కోట్ల రూపాయలు. మా దృష్టిలో ఇది తిరుపతి వందేభారత్ కంటె పెద్ద వార్త, పత్రికలలో మాత్రము చిన్నదిగా వచ్చినది. రెండవ లైనుకు క్రొత్త కట్ట పోయుదురు గనుక వాగు వాగునకు తూము లెక్క మరల చూచుటకు ఇదియే అదను. చెరువులు నీటిపారుదలశాఖ వారివి, కట్ట రైల్వేవారిది. ఎగువ చెరువు మత్తడి ఎంత ఎత్తున దూకుచున్నదో స్టేషను మాస్టరునకు ఆ రాత్రియే తెలియు మార్గమేదో ఈ రెండు శాఖలు కలిసి కూర్చుండి తేల్చుకొనవలసియున్నది. జపాను వర్షమాపకము చేసినది ఈ పనియే.

వందేభారత్ వలిగొండ, రామన్నపేటల మీదుగానే పోవును, అచ్చట నిలువదు. మోత్కూరు నుండి తిరుపతికి దానిలో పోదలచినవారు బస్సెక్కి నల్గొండ పోవలెను. అది దగ్గరి స్టేషనైన రామన్నపేట కంటె చాల దూరము.