కొండవీటి వాగు: మెరక ఎవరిది, పల్లం ఎవరిది? (ఏడో భాగం)

వాన పట్టిందంటే మా అమ్మమ్మ మొదట చేసే పని బియ్యం డబ్బాని మంచం మీదికెక్కించడం. తర్వాత కోళ్ళ గంప. ఆ తర్వాతే మేం. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ఎక్కుతారు, బియ్యానికి కాళ్ళు లేవుగా అనేది. అదే వాన ఊళ్ళోనూ కురిసేది. అక్కడ ఎవరి మంచాల కిందికీ నీళ్ళొచ్చేవి కావు. చిన్నప్పుడు అది దేవుడి పని అనుకున్నాను. పీహెచ్‌డీ కోసం శాసనాలూ కైఫీయతులూ తిరగేస్తున్నప్పుడు గానీ దానికొక చరిత్ర ఉందని తట్టలేదు.

మొన్న క్లాసులో ఒక విద్యార్థి అడిగాడు. "తుపాను, వరద, కరువు ప్రకృతి వైపరీత్యాలు కదా సార్, వాటిలో కులం ఎక్కడుంది?" మంచి ప్రశ్న. పది నిమిషాల్లో జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ భాగం. కొండవీడు దగ్గర మొదలుపెట్టి, ఆ కొండల్లో పుట్టిన వాగు వెంట కిందికి నడుద్దాం. మధ్యలో కాసేపు సముద్రం దాకా పోయి వద్దాం.

కోట చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ఘాట్ రోడ్డెక్కి, బురుజుల దగ్గర ఫోటోలు దిగి వచ్చేస్తారు. నేను పిల్లల్ని తీసుకెళ్తే చెరువుల దగ్గర ఆపుతాను. కొండ మీద మూడున్నాయి: ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. కొండ మీద పడ్డ వానని అక్కడే నిలబెట్టుకోడానికి చేసిన ఏర్పాటు. శత్రువు ముట్టడించినా, ఎండలు ముదిరినా కోటలో వాళ్ళకి నీళ్ళుండాలి. అద్దంకి నుంచి రాజధానిని అనవోతారెడ్డి ఇక్కడికి మార్చాడు. తర్వాత పెదకోమటి వేమారెడ్డి భార్య సూరాంబ కింద ఫిరంగిపురంలో సంతానసాగరం తవ్వించింది. శాసనం 1409 నాటిది, రచించింది శ్రీనాథుడు. ఆ చెరువుకి నీళ్ళు పారడానికి కొడుకు రాచవేముడు జగనొబ్బగండ కాలువ తవ్వించాడు. అమీనాబాద్ శాసనం ఆ సంగతి చెప్తుంది. అదీ శ్రీనాథుడి రచనే.

"తవ్వించింది", "తవ్వించాడు". తెలుగు చెప్పేవాణ్ణి కాబట్టి ఈ మాట దగ్గర ఆగకుండా ఉండలేను. వ్యాకరణంలో దీన్ని ప్రేరణార్థకం అంటాం. చేసేవాడు వేరు, చేయించేవాడు వేరు. మన చెరువుల చరిత్రంతా ఈ ఒక్క ప్రత్యయం మీద నడిచింది. చేయించినవాళ్ళకి బిరుదులు, వంశావళి, కవి దొరికారు. చేసినవాళ్ళు క్రియలో కలిసిపోయారు. శ్రీనాథుణ్ణి తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు, రాజాస్థానంలో విద్యాధికారి రాసేది అదే. ఆరు వందల ఏళ్ళ తర్వాత కూడా మన పాఠ్యపుస్తకం అదే వాక్యం రాస్తోంది, బాధ అక్కడ. ఇంకో సంగతి. కాలువ తవ్వించిన ఈ రాచవేముడే బిడ్డ పుడితే పన్ను కట్టమని పురిటి సుంకం వేశాడనీ, సవరం ఎల్లయ్య అతన్ని పొడిచి చంపాడనీ పాత కథ. కాలువ సంగతి శాసనంలో మిగిలింది, సుంకం సంగతి జనం నోట మిగిలింది.

చెరువు తవ్వడం ఒకసారి పని. కట్టని నిలబెట్టడం ఏటేటా పని. అలుగు పూడిపోకుండా చూడాలి, తూము కారకుండా చూడాలి, వాన జోరెక్కితే రాత్రంతా కట్ట మీద కాపలా ఉండాలి. గండి పడబోతుంటే ఊరికి కబురు చెప్పే డప్పూ, గండి పూడ్చే పారా రెండూ పల్లెవే. ఇది ఆచారంగానే ఉండిపోలేదు, చట్టం కూడా అయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో మొదటి నంబరు చట్టంగా నిర్బంధ శ్రమ చట్టం తెచ్చారు. వరదకి చెరువు కట్టో, ఆనకట్టో తెగే ప్రమాదం వస్తే చుట్టుపక్కల ఊళ్ళలోని "శ్రామిక వర్గాల" మగవాళ్ళని పిలిచి పని చేయించే అధికారం సర్కారుకి ఇచ్చింది. ఆ వర్గాలు ఎవరో గ్రామాధికారికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కట్ట కింద ఎకరాలున్న రైతు ఇంట్లో ఉండొచ్చు. ఎకరం లేనివాడు కట్ట మీదికి రావాలి. విపత్తు నిర్వహణ మీద ప్రాజెక్టులు రాసే పిల్లలు ఈ చట్టం దగ్గర మొదలుపెడితే బాగుంటుందని నా సలహా.

కరువుల్లోనూ అదే వరస. నందన సంవత్సరం కరువులో, 1832–33లో, గుంటూరు జిల్లాలో సుమారు ఐదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా చనిపోయారని బ్రిటిషు లెక్కలే చెప్తాయి. ఆ దెబ్బ తర్వాతే గోదావరి, కృష్ణ ఆనకట్టల ఆలోచన బలపడింది. బెజవాడ ఆనకట్ట 1855కి పూర్తయింది. నీళ్ళు డెల్టాకి పారాయి. పల్నాడు మెట్టకి కాలువ నీళ్ళు రావడానికి 1967లో నాగార్జునసాగర్ గేట్లు తెరిచేదాకా ఆగాల్సొచ్చింది. ధాత కరువులో, 1876–78లో, బకింగ్‌హాం కాలువని కరువు పనిగా తవ్వించారు. పర్యవేక్షకుల తిట్లు, దెబ్బలు పడలేక మాదిగలు పనికి పోవడానికి జంకితే, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ళ ముక్క తనే కాంట్రాక్టు తీసుకుని వాళ్ళకి పని పెట్టాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "బియ్యం కోసం మతం మారారు" అని వెక్కిరించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కొట్టకుండా కూలిచ్చే చోటు కరువు కాలంలో ఎంత అరుదో వాళ్ళకి తెలియదు.

ఇక సముద్రం వైపు. 1977 నవంబరు 19. దివిసీమ. ఉప్పెన ఐదారు మీటర్ల ఎత్తున వచ్చింది. అధికారిక లెక్కే పదివేల దరిదాపుల్లో ఉంది. పోయినవాళ్ళలో ఎక్కువమంది కూలీలు, చేపలు పట్టేవాళ్ళు, యానాదులు, దళితులు. మట్టిగోడ, తాటాకు కప్పు ఉన్నవాళ్ళు. డాబా ఉన్నవాడు డాబా ఎక్కాడు. డాబా లేనివాడు చెట్టెక్కాడు. ఆ తర్వాత కట్టినవి మాత్రం చూడదగ్గవి. తీరం పొడవునా స్తంభాల మీద ఎత్తుగా తుపాను షెల్టర్లు లేచాయి. సర్కారూ, స్వచ్ఛంద సంస్థలూ పక్కా ఇళ్ళు కట్టాయి. హెచ్చరిక వ్యవస్థ బాగుపడింది. 1990 మేలో అంతటి తుపానే కృష్ణ నోటి దగ్గర తీరం దాటితే మృతులు 967 మంది. అదీ పెద్ద సంఖ్యే. కానీ దివిసీమ పక్కన పెట్టి చూడండి. కాంక్రీటు, రేడియో, లారీ సమయానికి చేరితే పేదవాడి ప్రాణం నిలుస్తుందని పదమూడేళ్ళలో రుజువైంది. కట్టడం దండగ అనే మనవాళ్ళతో నేను ఒప్పుకోను.

అయితే ప్రాణం నిలిచాక ఏమైంది? పీటర్ వించెస్టర్ అనే పరిశోధకుడు 1977 నుంచి 1988 దాకా కృష్ణా డెల్టాని గమనించి 1992లో ఒక పుస్తకం వేశాడు. తుపానుకి ఎవరు ఎంత కూలిపోతారు, ఎవరు ఎంత త్వరగా లేస్తారు అన్నది సముద్రానికి ఎంత దూరంలో ఉన్నారన్న దానికన్నా భూమి, అప్పు, పలుకుబడి మీద ఆధారపడుతుందన్నది అతని వాదన. మన పల్లెల్లో ఈ మాట ఏ ముసలమ్మనడిగినా చెప్తుంది. ఇంగ్లీషులో అచ్చయింది కాబట్టి అధికారుల ముందు పెట్టడానికి పనికొస్తుంది, వాడుకోండి.

అదే తీరానికి దగ్గర్లో, తుపాను వచ్చిన ఎనిమిదేళ్ళకి, కారంచేడు. 1985 జూలై. మాదిగలు తాగే చెరువు దగ్గర గేదెని కడిగి నీళ్ళు మురికి చేస్తుంటే మున్నంగి సువార్త అడ్డుకుంది. తర్వాత జరిగింది మీకు తెలుసు. కారంచేడుని మనం హత్యల చరిత్రగా చదువుతాం, చదవాలి కూడా. నీటి వసతి చరిత్రగానూ చదవాలంటాను. అక్కడ చెరువు ఉంది, గట్టు ఉంది, నీళ్ళున్నాయి. ఇంజనీరు లెక్కలో ఏ లోపమూ లేదు.

ఇప్పుడు వాగు దగ్గరికి వద్దాం. కొండవీటి కొండల్లో పుట్టి, తాడికొండ, తుళ్ళూరు వైపుగా పారి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలిసేది కొండవీటి వాగు. దాని చిక్కు ఏంటంటే, కృష్ణ నిండుగా ఉన్నప్పుడు వాగు నీళ్ళు నదిలోకి పోలేవు. బ్యారేజీ మట్టం వాగు మట్టం కన్నా ఎత్తులో ఉంటుంది. పోలేని నీళ్ళు వెనక్కి తన్ని పొలాల మీద, పల్లెల మీద పరుచుకుంటాయి. తరతరాలుగా ఇదే. వాగు ముంపులో మునిగి తేలే ఊళ్ళలో నీరుకొండ ఒకటి. అవును, 1987 జూలైలో దళితుల్ని చంపిన నీరుకొండే.

ఈ ముంపు రాష్ట్ర సమస్య ఎప్పుడయింది? రాజధాని వచ్చాక. 2018లో ఉండవల్లి దగ్గర 16 పంపులతో, 5,000 క్యూసెక్కుల సామర్థ్యంతో ఎత్తిపోతల పథకం ప్రారంభించారు. ఇంకా వాగు వెడల్పు, నీరుకొండ, కృష్ణాయపాలెం, శాఖమూరు దగ్గర జలాశయాలు ప్రణాళికలో ఉన్నాయి. 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు, ఏడీబీ రాజధానికి చెరి దాదాపు 80 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేశాయి. అంతకు మూడు నెలల ముందే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది, బుడమేరు విజయవాడని ముంచింది. కాబట్టి ఈ పనులు అక్కర్లేదని ఎవరూ అనరు. నేనూ అనను. తరతరాల ముంపుకి రాని పంపులు, సచివాలయం వచ్చాక వచ్చాయని మాత్రం గుర్తు చేస్తాను. అదే రాజధాని కోసం భూమి తీసుకున్నప్పుడు మొదటి నిబంధనల్లో అసైన్డ్ భూమికి పట్టా భూమి కన్నా చిన్న ప్లాటు రాసిన సంగతీ గుర్తు చేస్తాను. అసైన్డ్ భూములు ఎక్కువగా ఎవరివో చెప్పక్కర్లేదు.

వాగు పొడవునా, ఆ మాటకొస్తే కోస్తా అంతటా, ఇంకో చిన్న సంగతి జరుగుతోంది. దానికి శంకుస్థాపన ఉండదు, పేపర్లో రాదు. ఊరి సిమెంటు రోడ్డు పాడైతే దాని మీదే ఇంకో పొర వేస్తారు. ఐదేళ్ళకి మళ్ళీ ఇంకోటి. రోడ్డు అడుగు లేచేసరికి పల్లె ఇళ్ళ గుమ్మాలు రోడ్డు కన్నా కిందికి పోతాయి. కాలవ వాలు తిరగబడి ఊరి మురుగు పల్లెలోకి నడుస్తుంది. ఇళ్ళ స్థలాలిచ్చేటప్పుడు చవగ్గా దొరికిన పల్లపు పొలం కొని పంచడమూ పాత పద్ధతే. పట్టా చేతికొస్తుంది, మెరక మట్టి రాదు. ఇల్లు కట్టుకునేవాడు లారీ మట్టికి అప్పు చేస్తాడు. మా అమ్మమ్మ మంచం కిందికి వచ్చిన నీళ్ళు ఆకాశం నుంచి నేరుగా వచ్చినవి కావని నాకు తెలిసింది ఇక్కడే.

అడగాల్సింది కూడా ఇక్కడే ఉంది. 2013 నాటి ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం ఉంది. ఆ డబ్బు ఎటు పోతోందో ఏటా గొడవే. ఆ పద్దు కింద పల్లె మెరక చేయడం, కాలవ వాలు సరిచేయడం, శ్మశానానికి వానాకాలంలోనూ నడిచే దారి వేయడం అడగండి. ఉపాధి పనుల్లో చెరువు కట్ట బాగుచేస్తే, ఆ కట్ట కింద ఎస్సీ రైతు భూమి ఎంతుందో కూడా అడగండి. 1858 చట్టంలో పిలుపుని కాదనే హక్కు లేదు. తవ్వే చోటు ఎంచుకునే హక్కు గ్రామసభలో ఉంది, మనం వెళ్తే.

మీ ఊరికి సెలవుల్లో వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. తాపీ మేస్త్రీల దగ్గర పారదర్శకంగా ఉండే లెవెల్ గొట్టం ఉంటుంది, నీళ్ళు పోసి మట్టం చూసేది. ఆ గొట్టం అడిగి తీసుకోండి. బొడ్రాయి దగ్గర ఒకరు, రోడ్డు మీద ఒకరు, పల్లెలో చర్చి మెట్టు దగ్గర ఒకరు నిలబడి, ముక్కలు ముక్కలుగా కొలుచుకుంటూ రండి. ఎంత తేడా వచ్చిందో ఊరి పేరు, తేదీతో రాసి నాకు పంపండి. ఎనిమిదో భాగం ఆ కొలతలతోనే మొదలుపెడతాను.