తాత్కాలిక వలస కార్మికుల సంఖ్య: దేశాల మధ్య పోలిక

కొంతకాలం పని చేయించుకుని పంపేయాలన్న షరతుతో రప్పించుకున్న కార్మికుల లెక్కల్ని దేశాలవారీగా పోల్చడం పరిపాటి. కానీ చాలా లెక్కలకు ఆధారం ఏదో ఒక కాగితం, మనుషులు కారు. అమెరికా మెక్సికోతో 1942లో కుదుర్చుకున్న బ్రసేరో ఒప్పందం 1964 దాకా సాగింది. ఆ కాలానికి 45 లక్షలని కొందరు, 46 లక్షలని మరికొందరు రాసేది కూలి ఒప్పందాల సంఖ్య. ఏటా కోతలకు వచ్చే కూలీ వచ్చినప్పుడల్లా కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టాలి. అసలు మనుషులు 20 లక్షల దరిదాపుల్లో ఉంటారన్న అంచనాయే నమ్మదగినదిగా తోస్తుంది. పశ్చిమ జర్మనీకి 1973లో చెప్పే 26 లక్షలు ఆనాడు పనిలో ఉన్న విదేశీయుల సంఖ్య. 1955 నుంచి వచ్చినవారంతా కలిపి కోటీ 40 లక్షలని, వారిలో కోటీ 10 లక్షల మంది తిరిగి వెళ్లిపోయారని సాధారణంగా చెబుతారు. కాబట్టి 46 లక్షల పక్కన 26 లక్షలు పెట్టి అమెరికాదే పైచేయి అనడం చెల్లదు.

ఒకే దేశం ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో లెక్కిస్తే హెచ్చుతగ్గులైనా నిజమే కదా అనవచ్చు. ఈ వాదనలో బలముంది, కానీ దానికీ హద్దుంది. 1983 వలస చట్టం కింద భారత ప్రభుత్వం ఈసీఆర్ (విదేశీ పనికి వెళ్లే ముందు తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టుదారులకు ఇచ్చిన అనుమతులు 2014లో సుమారు 8 లక్షలు, 2018లో సుమారు 3.4 లక్షలు. చమురు ధరల పతనం, సౌదీలో స్థానికులకే ఉద్యోగాలంటూ తెచ్చిన నితాఖత్ విధానం ఈ తగ్గుదలకు ముఖ్య కారణాలన్నది నిజమే. అయితే పదో తరగతి పాసైనవారికి, విదేశంలో మూడేళ్లకు మించి ఉండి వచ్చినవారికి ఈ అనుమతి అక్కర్లేదు. జగిత్యాల నుంచి తొలిసారి దుబాయ్ వెళ్లే చదువుకోని కూలీ లెక్కకెక్కుతాడు. అతడే నాలుగేళ్లుండి వచ్చి, కువైట్‌లో కొత్త కఫీల్ (పూచీదారు యజమాని) దగ్గరికి వెళ్తే లెక్కకెక్కడు. విజిట్ వీసా మీద పోయి అక్కడే పని వెతుక్కున్నవారూ ఇందులో కనిపించరు. అంటే ఊళ్లో చదువు పెరిగేకొద్దీ, వలస తగ్గకపోయినా ఈ అంకె తగ్గుతుంది. 2020లో లక్షలోపుకు పడిపోవడం లాంటి పెద్ద కుదుపుల్ని మాత్రం నిస్సందేహంగా నమ్మవచ్చు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనాలు వాడితే సరిపోతుందన్న వాదనా ఉంది. 2019కి ఆ సంస్థ చెప్పిన 16.9 కోట్లు వలస కార్మికులందరి సంఖ్య; తాత్కాలికుల్ని అందులోంచి విడదీయలేం. పైగా ఎవరు తాత్కాలికులో నిర్ణయించేది గడిపిన కాలం కాదు, ఆ దేశపు చట్టం. తుర్కియేతో 1961లో పెట్టుకున్న రెండేళ్ల గడువును జర్మనీ 1964లోనే వదిలేసింది. 1973లో నియామకాలు ఆపాక, వెళ్తే మళ్లీ రానివ్వరన్న భయంతో చాలామంది ఉండిపోయి కుటుంబాల్ని రప్పించుకున్నారు. ఆ ఏడాది సుమారు 40 లక్షలున్న విదేశీ జనాభా 1980 నాటికి 44 లక్షలు దాటింది. గల్ఫ్‌లోనైతే అకామా (నివాస అనుమతి) పొడిగించుకుంటూ ఇరవై ఏళ్లు పనిచేసినవారు కూడా తాత్కాలికుల లెక్కలోనే ఉంటారు.